లోతునుండి తేవలసినది



విశాఖపట్నం నుండి అరకులోయకు రైలులో పోయేవారికి బొర్రా గుహలు మొదట ఒక స్టేషను పేరుగా పరిచయమవుతాయి. ఆ రైలుమార్గం గుహల పైనుండే సాగిపోతుంది. స్టేషనులో దిగి, మెట్లవెంట గుహలోపలికి నడచి, విద్యుద్దీపాల వెలుగులో సున్నపురాతి స్తంభాలను చూచి, లింగమూర్తికి నమస్కరించి, గంటసేపటిలో మళ్లీ ఎండలోకి వచ్చేవారే మనలో అధికులు. జనం పలుచబడినప్పుడు ఒక్క క్షణం ఆగి చెవియొగ్గితే, అడుగున నీటి చప్పుడు వినిపిస్తుంది. అది గోస్తని. అనంతగిరి కొండలలో పుట్టి, ఈ గుహల చీకటిలో కొంత దూరం నడచి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే నది.

ఆ నదికి ఆ పేరు రావటానికి స్థానికులు ఒక కథ చెబుతారు. మేస్తున్న ఆవు ఒకటి గుహ పైకప్పులోని రంధ్రంగుండా లోపలికి పడిపోయినదట. దానిని వెదకుతూ పశువుల కాపరి చీకటిలోకి దిగాడు. ఆవును, దానితోపాటు రాతి లింగాన్ని చూచాడు. తిరిగి వచ్చి ఊరివారికి చెప్పాడు. ఆవు పొదుగు పేర నదికి గోస్తని అనే పేరు నిలిచినది. ఈ కథను నేను చిన్ననాటి నుండి వింటున్నాను. అయితే ఇందులో అసలు విషయం కాపరి దిగటం కాదనీ, తిరిగి వచ్చి చెప్పటమనీ ఈ మధ్యనే నాకు తోచినది. దిగినవాడు చెప్పకపోతే తరువాతివానికి దారి లేదు.

ఈనాటి నా ప్రసంగవిషయం అదే. లోకంలో కొందరు నీటితో నిండిన గుహలలోకి దిగి ఈదుతారు. వారిలో ఒకరు అక్కడే ప్రాణం విడిస్తే, తోటివారు ఏమి చేస్తారు? ఎట్లా దుఃఖిస్తారు? ఏమి నేర్చుకొంటారు? బొర్రాలో ఇటువంటి ఈత లేదు. అక్కడ ఎవరూ ప్రయత్నించరాదు కూడా. అయినా ఈ ప్రశ్న మన కొండలకు, మన విశాఖ తీరానికి పరాయిది కాదని మనవి చేయదలచుకొన్నాను.

మొదట ఆ గుహలు ఎట్లా ఏర్పడతాయో చూద్దాం. వాననీరు గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని కొద్దిపాటి ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు సున్నపురాతి పగుళ్లలో ఇంకి, వేల సంవత్సరాలపాటు రాతిని కరిగించి, చివరకు గదులవంటి ఖాళీలను తొలుస్తుంది. నీటిమట్టం దిగువకు పోయినచోట మనం నడవగలిగిన గుహ మిగులుతుంది. నీరు ఇంకా నిండి ఉన్నచోట గుహ అంతా నీరే.

సముద్రంలో మునిగినవానికి ఆపద వస్తే నెత్తిన నీరున్నా, ఆ పైన ఆకాశం ఉన్నది. గుహలో మునిగినవానికి నెత్తిన ఉన్నది రాయి. అతడు పైకి పోలేడు. వచ్చిన దారినే వెనుకకు పోవలెను. ఆ దారి వందల గజాలు ఉండవచ్చును. కాలు తగిలితే అడుగున పేరుకొన్న మెత్తని బురద లేచి, ఒక్క నిమిషంలో దీపం వెలుతురుకూడా కనబడకుండా పోతుంది. లోతు వంద అడుగులు దాటేసరికి గాలిలోని నత్రజని మెదడును మత్తెక్కిస్తుంది. తెలివైనవాడు కూడ చిన్న లెక్క తప్పుతాడు. పోనీ భయపడి వేగంగా పైకి వద్దామంటే, రక్తంలో కరిగిన నత్రజని బుడగలై నరాలను దెబ్బతీస్తుంది.

అందువల్ల వీరికి రెండు విషయాలు ప్రాణంతో సమానం. ఒకటి, గుహ బయటి వెలుతురు నుండి లోపలి చివరి వరకు తెగకుండా పరచుకొనిపోయే దారం. చీకటి కమ్మినప్పుడు వేళ్ల మధ్య ఆ దారమే కన్ను. రెండవది గాలి లెక్క. తెచ్చుకొన్న గాలిలో మూడవ వంతు అయిపోగానే, ఎంత చక్కని చోట ఉన్నా వెనుకకు తిరగవలెను. ఒక వంతు లోపలికి పోవటానికి, ఒక వంతు బయటికి రావటానికి. మరి మిగిలిన మూడవ వంతు? అది ఆపత్కాలానికి. ముఖ్యంగా తోటివాని గాలి సిలిండరు చెడిపోతే, అతనిని కూడ బయటికి తెచ్చుకొనటానికి. అంటే ప్రతివాడును తన వీపుమీద మరొకని ప్రాణాన్ని మోసుకొని దిగుతాడన్నమాట.

ఈ నియమాలు గ్రంథాలయంలో కూర్చున్నవారు ఊహించి వ్రాసినవి కావు. ఒక్కొక్క నియమం వెనుక ఒక మృత్యువు ఉన్నది.

బ్రిటనులో గ్రాహం బాల్కోంబ్ అనే ఆయన 1946లో గుహలలో మునిగి ఈదేవారి సంఘాన్ని నెలకొల్పాడు. మూడేళ్లు తిరగకుండానే, 1949 ఏప్రిల్‌లో, ఊకీ హోల్ అనే గుహలో ఆ సంఘానికి తొలి మరణం ఎదురైనది. పోయినవాడు కొత్తవాడు కాడు. యుద్ధకాలంలో నీటి అడుగున పనిచేసిన అనుభవశాలి. సంఘాన్ని మూసివేసి ఎవరి ఇళ్లకు వారు పోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. వారు మూసివేయలేదు. ఆ సంఘం నేటికీ ఉన్నది.

ఆస్ట్రేలియాలో మౌంట్ గాంబియర్ అనే ఊరి చుట్టుప్రక్కల పచ్చిక పొలాలలో అక్కడక్కడ లోతైన నీటిగుండాలు ఉన్నవి. అద్దంవంటి తేట నీరు. ఆ తేటదనమే జనాన్ని మోసగించినది. 1969 నుండి 1974 వరకు ఆ గుండాలలో 11 మంది మరణించారు. 1973 మే నెలలో ఒక్క రోజున, ఒక్క గుండంలో నలుగురు పోయారు. పైనుండి చూస్తే మనిషి దూరేపాటి రంధ్రం, లోపల మహాసౌధమంత ఖాళీ. వెలుగుపట్టును విడిచి లోతుకు పోయినవారికి తిరిగి ఆ రంధ్రం ఎక్కడున్నదో తెలియలేదు. నలుగురి దేహాలనూ పైకి తెచ్చేసరికి మరుసటి సంవత్సరం వచ్చినది.

పొలాల యజమానులు, ప్రభుత్వం ఆ గుండాలను మూసివేయాలన్న ఆలోచన చేయటం సహజం. అప్పుడు అక్కడి ఈతగాళ్లే ముందుకు వచ్చారు. 1973లోనే సంఘంగా ఏర్పడి, ఏ గుండం ఎంత ప్రమాదకరమైనదో తరగతులుగా విభజించి, ఏ తరగతికి ఏ పరీక్షలో నెగ్గినవాడు అర్హుడో నిర్ణయించారు. పరీక్షలో నెగ్గనివానికి, వాడు సాటివారిలో ఎంతటివాడైనా, ప్రవేశం లేదన్నారు. ఆపైన ప్రమాదాలు పూర్తిగా ఆగిపోయినవని చెప్పలేను. బాగా తగ్గినవని మాత్రం చెప్పగలను.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో షెక్ ఎక్స్‌లీ అనే ఒక లెక్కల మాస్టారు ఉండేవాడు. బడిలో పాఠాలు చెప్పటం ఆయన వృత్తి. నీటిగుహలు ఆయన వ్యసనం. ఆ రాష్ట్రంలోని ఊటగుహలలో ఏటేటా యువకులు మరణిస్తుంటే, ఆయన ఒక్కొక్క మరణాన్నీ లెక్కల సమస్యవలె ముందు పెట్టుకొన్నాడు. దారం ఉన్నదా? గాలి ఎంత మిగిల్చారు? ఎంత లోతుకు పోయారు? ఈ ప్రశ్నలకు వచ్చిన జవాబులను కూర్చి 1979లో చిన్న పుస్తకం ప్రచురించాడు. అందులోని ప్రతి పాఠం ఒక ప్రమాదంతో ప్రారంభమవుతుంది. దారం తెగరాదు, మూడింట రెండు వంతుల గాలి తిరుగుదారికి మిగలవలెను, లోతుకు హద్దు ఉండవలెను అన్న నియమాలు అట్లా లోకమంతటా పాకినవి. తరువాతివారు వాటికి శిక్షణ, ఒకటికి మూడు దీపాలు అనే మరి రెండింటిని చేర్చారు.

ఎక్స్‌లీ కూడ 1994 ఏప్రిల్ 6న మెక్సికోలోని జకాటోన్ అనే అతి లోతైన గుండంలో మరణించాడు. కారణం నిశ్చయంగా తేలలేదు. నియమాలు కూర్చినవాడే పోయినప్పుడు, ఇక వాటికి విలువ ఏమున్నదని అడిగేవారుంటారు. తోటివారు ఆ మాట అనలేదు. ఆయన గొప్పవాడు గనుక ఆయన మరణాన్ని పరీక్షించరాదని కూడ అనలేదు. మిగిలినవారి మరణాలను ఆయన ఎట్లా చూచాడో, ఆయన మరణాన్ని వారట్లాగే చూచారు. ఒక గురువుకు ఇంతకంటె శ్రాద్ధం ఏమున్నది?

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. చనిపోయినవాని దేహాన్ని తేవటానికి బ్రదికి ఉన్నవాడు ఎంత దూరం పోవచ్చును?

మన సంప్రదాయంలో దేహం దొరకకపోవటం మరణంకంటె పెద్ద శిక్ష. కర్మకాండ జరగదు, తల్లి గుమ్మంవైపు చూడటం మానదు. ఇది మన దేశానికే పరిమితమైన బాధ కాదు. దక్షిణాఫ్రికాలో బుష్‌మన్స్ హోల్ అనే గుండంలో 1994లో ఒక యువకుడు మునిగిపోయాడు. పదేళ్ల తరువాత డేవ్ షా అనే ఆస్ట్రేలియా విమానచోదకుడు సుమారు 270 మీటర్ల లోతున ఆ దేహాన్ని చూచాడు. తల్లిదండ్రులకు దానిని తెచ్చి ఇస్తానని మాట ఇచ్చాడు. 2005 జనవరి 8న దిగాడు. దేహాన్ని సంచిలోకి చేర్చబోతుండగా తాడు చిక్కుపడి, ఆయాసం పెరిగి, విడిచిన ఊపిరిలోని విషవాయువు ఒంటిలో నిలిచి, తానుకూడ అక్కడే ప్రాణం విడిచాడు. నాలుగు రోజులకు, సామగ్రిని పైకి లాగుతున్నప్పుడు, ఇద్దరి దేహాలూ కలిసి పైకి వచ్చినవి. ఇచ్చిన మాట నెరవేరినది. కాని ఎంత మూల్యానికి! ఆయన తలకు కట్టుకొన్న కెమెరాలో చివరి నిమిషాలు నమోదై ఉన్నవి. మిత్రులు గుండె దిటవు చేసుకొని ఆ చిత్రాన్ని చూచారు. శోకం తీరటానికి కాదు. ఎక్కడ ఏమి జరిగినదో తెలుసుకొని, ఇతరులకు చెప్పటానికి.

నార్వేలో ప్లూరా అనే నీటిగుహలో 2014 ఫిబ్రవరిలో ఫిన్లాండుకు చెందిన ఇద్దరు మరణించారు. దేహాలను తేబోయిన నిపుణులు ఇది మితిమీరిన ప్రమాదమని విరమించుకొన్నారు. పోలీసులు గుహను నిషేధించారు. కాని ఆనాడు బ్రదికి బయటపడినవారు, మిత్రులు, సుమారు నెలన్నరకు రహస్యంగా వచ్చి, దిగి, ఇద్దరినీ పైకి తెచ్చి, తరువాత తామే పోలీసులకు తెలియజేశారు. వారిపై కేసు నడపలేదు. వారు చేసినది ఒప్పని నేను తీర్పు చెప్పను. తప్పని చెప్పటానికీ నోరు రాదు. ఒక్క సంగతి మాత్రం గమనించదగినది. వారు ఆవేశంతో మరునాడే దూకలేదు. ఎవరు ఏ లోతున ఉండవలెనో, ఎవరి గాలి ఎవరికి అండగా ఉండవలెనో వారాలతరబడి లెక్కవేసుకొని దిగారు. అందువల్లనే మూడవ దేహం అక్కడ మిగలలేదు.

2018లో థాయిలాండులోని థాం లువాంగ్ గుహలో పన్నెండుగురు బాలురు, వారి శిక్షకుడు చిక్కుకొన్న కథ మీకు గుర్తే. ఆ గుహ ముందు ఒక హెచ్చరిక పలక ఉన్నది: జూలై నుండి నవంబరు వరకు, వర్షకాలంలో లోపలికి పోరాదని. బాలురు పోయినది జూన్ 23న. పలకకంటె వాన ముందు వచ్చినది! వారికొరకు గాలి సిలిండర్లను లోపల అమర్చి తిరిగి వస్తూ, నౌకాదళంలో పూర్వం పనిచేసిన సమన్ కునన్ అనే స్వచ్ఛందసేవకుడు జూలై 6న మరణించాడు. పని ఆగలేదు. జూలై 8 నుండి 10 వరకు మూడు రోజులలో అందరినీ బయటికి తెచ్చారు. ఆయన మరణవార్తను బాలురు కోలుకొన్న తరువాతనే చెప్పారు. వారు ఆయన చిత్రపటంమీద తమ కృతజ్ఞతను వ్రాసి, తలలు వంచి ఏడ్చారు. తరువాత ఆయన పుణ్యలోకప్రాప్తికొరకు వారిలో అధికులు కొన్నాళ్లు బౌద్ధ దీక్ష పూనారు.

ఇక మన వారి మాట.

అదే సంవత్సరం డిసెంబరు 13న మేఘాలయ రాష్ట్రంలో, తూర్పు జయంతియా కొండలలో, క్సాన్ అనే చోట అక్రమంగా త్రవ్విన బొగ్గుగనిలోకి నదినీరు పొంగి, 15 మంది కూలీలు చిక్కుకొన్నారు. ఎలుక బొరియలవంటి ఇరుకు సొరంగాలు అవి, 2014లోనే నిషేధింపబడినవి. అక్కడికి రప్పించబడినవారిలో విశాఖపట్నం నుండి పోయిన నౌకాదళ డైవర్లు ఉన్నారు. సముద్రపు లోతులకు అలవాటుపడినవారు, కొండ కడుపులోని నల్లని నీటిలోకి దిగవలసి వచ్చినది. గని నుయ్యి సుమారు 370 అడుగుల లోతు. అందులోని నీరు మనిషి క్షేమంగా దిగదగిన హద్దును మించి ఉన్నది. నీటిని తోడుతున్నకొద్దీ మళ్లీ ఊరుతున్నది. ఆ డైవర్లు తమ హద్దును గుర్తించి, మనిషి పోలేనిచోటికి కెమెరా కట్టిన యంత్రాన్ని పంపారు. జనవరి మధ్యలో ఆ యంత్రం ఒక దేహాన్ని చూచినది. జనవరి 24న దానిని పైకి తేగలిగారు. చిక్కుకొన్నవారిలో అత్యధికులు ఆ నీటిలోనే మిగిలిపోయారు. మార్చి ఆరంభంలో ప్రయత్నం విరమించారు. నెలలతరబడి పడిన శ్రమకు ఫలితం ఇంతేనా అని మనకు అనిపించవచ్చును. వెదకబోయినవారందరూ క్షేమంగా తిరిగి వచ్చారన్నది కూడ ఫలితమే.

మరుసటి సంవత్సరం, 2019 సెప్టెంబరు 15న, మన గోదావరిలోనే, పాపికొండల దారిలో, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినది. అది గుహ కాదు. కాని వరద గోదావరి అడుగు గుహకంటె చీకటి. పడవలో ఉన్న 77 మందిలో 26 మంది బయటపడ్డారు. వారిని మొదట అందుకొన్నది ప్రభుత్వపు పడవలు కావు. నాటుపడవలతో దూసుకువచ్చిన కచ్చులూరు గిరిజనులు. పడవను తీయటం ఎన్నో ప్రయత్నాలకు లొంగలేదు. చివరకు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం, ఆయన బృందం లంగర్లతో, ఇనుపతాళ్లతో నది అడుగును గాలించగా, విశాఖ డైవర్లు దిగి తాడు బిగించగా, 38వ రోజున, అక్టోబరు 22న, పడవ గట్టుకు వచ్చినది. ఆ బృందంలోనివారు పట్టాలు పుచ్చుకొన్నవారు కారు. సుడి ఎక్కడ లేస్తుందో, నీరు ఏ గంటకు ఎటు లాగుతుందో తెలిసినవారు.

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పాను. ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవలసి ఉన్నది.

కొన్నేళ్ల క్రితం అరకు కొండలలో ఒక వాగులో, పట్నం నుండి విహారానికి వచ్చిన ఒక విద్యార్థి మరణించాడు. ఆ వార్తను నేను వ్రాశాను. ‘అజాగ్రత్తగా నీటిలో దిగి విద్యార్థి మృతి’ అని ఒక్క వాక్యం. అందులో అబద్ధం లేదనే అనుకొన్నాను. మరునాటికి మరచిపోయాను.

ఆ తరువాత కొన్ని నెలలకు ధింసా పాటలు రికార్డు చేసుకొనటానికి ఆ ప్రాంతపు పల్లెకే పోయాను. పని ముగిసిన తరువాత ఒక పెద్దాయన నన్ను వాగు ఒడ్డుకు తీసుకొనిపోయి, నీటిలో నల్లగా మెరిసే బండను చూపించాడు.

“ఆ బండ కింద గుహలాగుంటాది బాబూ. నీరు పైనుంచి పోతున్నట్టే కనపడతాది గానీ, అడుగున లోనికి లాగతాది. మా పిల్లలెవరూ అటేపు దిగరు.”

“ఆనాడు పోయిన అబ్బాయి ఇక్కడనేనా, తాతా?” అని అడిగాను.

“ఇక్కడే. మా కుర్రోళ్లే తీసినారు. మోకు నడుముకి కట్టుకుని ఒకడు దిగితే, మోకు కొస నేను పట్టుకున్నాను. వాడు పైకొస్తే గానీ రెండోవాణ్ని దింపలేదు. మూడోసారికి దొరికినాడు.”

ఆయన కాసేపు ఊరుకొని, మళ్లీ అన్నాడు: “పైన కొండమీద వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తున్నా సరే, ముందు నీరు ఎర్రబడతాది. నీరు ఎర్రబడితే పశువుల్ని కూడా దాటించం. ఆ రోజు పొద్దున్న నీరు ఎర్రగానే ఉంది. ఈ మాట మమ్మల్ని ఎవురూ అడగలేదు బాబూ.”

శ్రోతలారా, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అడగనివారిలో మొదటివాడిని నేనే. నా చేతిలో ఆనాడు కూడ మైక్రోఫోను ఉన్నది.

లెక్కల మాస్టారు పుస్తకం వ్రాసి లోకానికి చెప్పినదానిని ఆ పెద్దాయన మోకు కొసన పట్టుకొని ఉన్నాడు. దిగేవానికి తిరుగుదారి తాడు ఉండవలెను. ఒకడు పైకి రానిదే మరొకడు దిగరాదు. నీటి గుణాన్ని తెలిసినవాని మాట ముందు వినవలెను. ఆ పల్లె యువకులను ఎవరూ డైవర్లని పిలువరు. వారికి సిలిండర్లు లేవు, సంఘం లేదు, వారి అనుభవం వ్రాసి ఉంచిన పుస్తకం లేదు. ఎవరో పోయినప్పుడు మాత్రం వారిని పిలుస్తారు. దేహం ఒడ్డుకు రాగానే మరచిపోతారు.

మరణించినవానికి మనం బాకీపడినవి రెండు. ఒకటి దేహాన్ని తెచ్చి అయినవారికి అప్పగించటం. రెండవది, అతడు ఎందుకు మరణించాడో ఆ కారణాన్ని తెచ్చి అందరికీ చెప్పటం. మొదటి బాకీ తీర్చటానికి మన దేశంలో ధైర్యవంతులకు కొదవ లేదు. రెండవదానినే మనం ఎగవేస్తున్నాం. ‘విధి’ అని ఒకరంటారు. ‘అజాగ్రత్త’ అని నావంటివాడు వ్రాస్తాడు. రెండు మాటలూ ఒకే పని చేస్తాయి, ప్రశ్నను మూసివేస్తాయి. తల్లికి దుఃఖంమీద అవమానం మిగులుతుంది. బండ కింది గుహ మాత్రం వచ్చే ఆదివారపు విహారయాత్రకొరకు అక్కడే వేచి ఉంటుంది.

గుహలలో ఈదేవారి వద్ద మనం నేర్చుకొనవలసినది సాహసం కాదు. ఆ సాహసం మనకు అక్కరలేదు. చనిపోయినవానిని దూషించకుండానే, అతని తప్పును దాచకుండా చెప్పే మర్యాద నేర్చుకొనవలెను. నిన్న నీ స్నేహితుడు ఈ చోట ఈ పొరపాటు చేశాడు, రేపు నీవు చేయవద్దు అని చెప్పటంలో నింద లేదు, అది ప్రేమయే.

అరకు, అనంతగిరి, డుంబ్రిగూడ ప్రాంతాలకు ఏటా వచ్చే యాత్రికులు లక్షలాది. కటికి జలపాతం, చాపరాయి, పేరులేని వాగులు అనేకం. ప్రతి మరణం తరువాత ఆ ఊరి పెద్దలను కూర్చోబెట్టి మూడు మాటలు అడిగి వ్రాసుకొనటం కష్టమైన పని కాదు. ఏ చోట? ఏ సమయంలో? నీరు ఎట్లా ఉన్నది? ఆ జవాబులను తెలుగులోను, ఆదివాసీ ఒడియా, కువి భాషలలోను, చదువురానివారికి బొమ్మలలోను ఒడ్డున నిలపవచ్చును. ఒట్టి ‘ప్రమాదం’ అన్న పలకకు ఎవరూ భయపడరు. ‘నీరు ఎర్రబడితే దిగకండి, ఈ బండ కింద సొరంగం ఉన్నది’ అంటే ఆగుతారు. ఒడ్డున ఒక మోకు, ఒక తేలుడు చక్రం ఉంచవచ్చును. సెలవు రోజులలో ఆ ఊరి యువకులనే జీతమిచ్చి కాపలా ఉంచవచ్చును. పలక ఒక్కటే చాలదని థాం లువాంగ్ చెబుతున్నది. వాన పంచాంగం చూచి రాదు. ఆనాటి నీటిని ఆనాడు చూచి చెప్పే మనిషి ఒడ్డున ఉండవలెను.

ఇక రేడియోలో పనిచేసే మావంటివారి బాధ్యత మేము తీర్చుకోవలెను. ఆనాటి వార్తను నేనిప్పుడు మళ్లీ వ్రాయవలసి వస్తే ఇట్లా వ్రాస్తాను:

‘కొండపైన రాత్రి కురిసిన వానకు వాగునీరు ఎర్రబడి ఉన్నది. ఆ గుర్తు తెలియని విద్యార్థి ఒకడు నల్లబండ దగ్గర దిగాడు. బండ కింద నీరు లోపలికి లాగే సొరంగం ఉన్నది. అతనికి ఆ సంగతి చెప్పేవారు ఒడ్డున లేరు. ఆ ఊరి యువకులు మోకు కట్టుకొని మూడుసార్లు దిగి అతనిని పైకి తెచ్చారు. నీరు ఎర్రబడినప్పుడు ఎవరూ దిగవద్దని ఊరి పెద్దలు చెబుతున్నారు.’

ఇది చదవటానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం ఆనాడు నేను ఇవ్వలేదు. ఇన్నేళ్లకు ఈనాడు ఇచ్చాను. ఆ విద్యార్థి తల్లిదండ్రులు ఎక్కడైనా ఈ ప్రసంగం వింటూ ఉంటే, నన్ను మన్నించవలసినదిగా వారిని ప్రార్థిస్తూ, సెలవు తీసుకొంటున్నాను.